అరణ్యంలో నత్రజని పొదుపు



ఉత్తరాఖండ్ రాష్ట్రంలో కుమావూన్ అనే పర్వత ప్రాంతం ఉంది. అక్కడ నైనితాల్ చుట్టుపక్కల కొండలలో తిరిగేవారికి రెండు రకాల అడవులు ప్రక్క ప్రక్కనే కనిపిస్తాయి. ఒక వాలు మీద బాంజ్ చెట్లు ఉంటాయి. బాంజ్ హిమాలయాలలో పెరిగే ఓక్ జాతి వృక్షం. దాని ఆకు పైభాగం ముదురు పచ్చగా, అడుగుభాగం తెల్లగా ఉంటుంది. ఆ చెట్ల క్రింద నేల మెత్తగా, నల్లగా, తేమగా ఉంటుంది. ఎదుటి వాలు మీద చీడ్ పైన్ చెట్లు నిటారుగా నిలబడి ఉంటాయి. వాటి క్రింద సూదుల వంటి ఎండుటాకులు పరుపుగా పేరుకొని, కాలు మోపితే జారిపోతుంది. ఆ ఎండుటాకును అక్కడివారు పిరూల్ అంటారు.

చీడ్ అనేది హిందీ పేరు. తెలుగులోని చీడకూ దానికీ సంబంధం లేదు. ఆ చెట్టు కూడా హిమాలయాలలో పుట్టిందే, మనిషికి కలపనూ బంకనూ ఇచ్చేదే. అయినప్పటికీ, బాంజ్ అడవి నశించిన చోట చీడ్ వచ్చి చేరితే, మళ్ళీ బాంజ్ ఆ నేలలో నిలద్రొక్కుకోవడం చాలా కష్టమని కొండవాసుల అనుభవం. రెండు వాలుల మీదా కురిసే వాన ఒకటే. అటువంటప్పుడు బాంజ్ ఎందుకు తిరిగి రాదు? ఈ ప్రశ్నకు లభించిన సమాధానంలో నత్రజనికి ముఖ్యమైన స్థానం ఉంది. ఆ సమాధానం కుమావూన్‌కు మాత్రమే కాక, అడవులను పెంచి వాతావరణంలోని కర్బనాన్ని తగ్గించాలని కోరుకునే ప్రతి దేశానికీ వర్తిస్తుంది.

ఇద్దరు భాగస్వాములు

చెట్టు దేహంలో ఎండు బరువున సుమారు సగం కర్బనమే. ఆ కర్బనం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చింది. ఆకు సూర్యరశ్మిని పట్టి, కార్బన్ డయాక్సైడ్‌నూ నీటినీ కలిపి చక్కెరలుగా మారుస్తుంది. దీనిని కిరణజన్య సంయోగక్రియ అంటారని పాఠశాల విద్యార్థులకు కూడా తెలుసు. అయితే ఈ పని చేసే యంత్రాంగం మాత్రం కర్బనంతో మాత్రమే తయారు కాదు. పత్రహరితంలో నత్రజని ఉంది. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకొనే ఎంజైము మాంసకృత్తు, మాంసకృత్తులన్నిటిలోనూ నత్రజని ఉంది. నత్రజని లేనిదే ఆకు లేదు, ఆకు లేనిదే కర్బన సేకరణ లేదు.

ఇక్కడ ప్రకృతిలో ఒక విచిత్రం కనబడుతుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదివేల పాళ్ళలో నాలుగు పాళ్ళు మాత్రమే. నత్రజని నూటికి 78 పాళ్ళు. కాని ఆ స్వల్పమైన కార్బన్ డయాక్సైడ్‌ను చెట్టు తిన్నగా తీసుకోగలదు, తన చుట్టూ సముద్రంలా ఉన్న నత్రజనిని తీసుకోలేదు. గాలిలో రెండు నత్రజని పరమాణువులు ఒకదానినొకటి అతి గట్టిగా పట్టుకొని ఉంటాయి. ఆ బంధాన్ని విడదీసే శక్తి చెట్లకు లేదు. కొన్ని బాక్టీరియాలకు ఉంది, మెరుపుకు కొంత ఉంది, 20వ శతాబ్దంలో మనిషి కర్మాగారానికి వచ్చింది. అందువల్ల చెట్టు తనకు కావలసిన నత్రజనిని నేల నుంచి అమోనియం, నైట్రేట్ రూపాలలో వేళ్ళ ద్వారా తీసుకోవలసి వస్తుంది.

పొలం ఎంత విశాలంగా ఉన్నా, ఇంట్లో విత్తనాలు ఉన్నంత మేరకే రైతు విత్తగలడు. అడవికి ఎండ, వాన, కార్బన్ డయాక్సైడ్ పొలం వంటివి. నత్రజని విత్తనం వంటిది. నేల ఇవ్వగలిగిన నత్రజని ఎంతో, చాలా అడవులలో కర్బన సేకరణ అంతవరకే సాగుతుంది.

ఈ విషయాన్ని అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఓక్‌రిడ్జ్ వద్ద జరిగిన ఒక ప్రయోగం బాగా చూపింది. అక్కడ స్వీట్‌గమ్ అనే చెట్ల తోటకు సంవత్సరాల తరబడి అదనంగా కార్బన్ డయాక్సైడ్ అందించారు. 2001 నుంచి 2003 వరకు ఆ తోటలో ఉత్పత్తి, మామూలు గాలిలో పెరిగిన తోటలో కంటె 24 శాతం ఎక్కువగా ఉంది. 2008 నాటికి ఆ ఆధిక్యం 9 శాతానికి పడిపోయింది. కార్బన్ డయాక్సైడ్ సరఫరా ఆగలేదు. నేలలో నత్రజని చాలలేదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే అడవులు తమంత తామే దానిని పీల్చి సరిచేస్తాయన్న ఆశకు ఇది ఒక హెచ్చరిక.

రాలిన ఆకు లెక్క

చెట్టు తన నత్రజనిని ఎంత పొదుపుగా వాడుతుందో ఆకు పండేటప్పుడు తెలుస్తుంది. ఆకు రాలడానికి ముందు, అందులోని నత్రజనిలో సుమారు సగాన్ని చెట్టు వెనక్కు లాక్కొని కొమ్మలలో దాచుకుంటుంది. మిగిలినది ఆకుతో పాటు నేల మీద పడుతుంది. అక్కడ బాక్టీరియాలు, శిలీంధ్రాలు దానిని తమ ఆహారంగా స్వీకరిస్తాయి. అవి ఆకును కుళ్ళబెట్టితేనే అందులోని నత్రజని మళ్ళీ వేళ్ళకు అందుతుంది.

కాని ఈ సూక్ష్మజీవులకు కూడా నత్రజని కావాలి. వాటి దేహంలో దాదాపు ఎనిమిది పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని ఉంటుంది. అవి తినే కర్బనంలో సుమారు మూడింట రెండు వంతులను శ్వాసక్రియలో కార్బన్ డయాక్సైడ్‌గా విడిచి, ఒక వంతును మాత్రమే దేహంగా మార్చుకుంటాయి. అంటే ఎనిమిది పాళ్ళ కర్బనాన్ని దేహంలో కలుపుకోవడానికి 24 పాళ్ళ కర్బనాన్ని తినాలి. ఆ 24 పాళ్ళతో పాటు ఒక పాలు నత్రజని దొరికితే లెక్క సరిపోతుంది. ఆకులో అంతకంటె ఎక్కువ నత్రజని ఉంటే మిగులు నేలకు చేరుతుంది. తక్కువ ఉంటే, సూక్ష్మజీవులు ఆ లోటును పూడ్చుకోవడానికి నేలలో ఉన్న నత్రజనిని కూడా లాక్కుంటాయి. అప్పుడు చెట్ల వేళ్ళకు కొరత ఏర్పడుతుంది.

తెలుగునాట రైతులకు ఈ సూత్రం పేరు తెలియకపోయినా ఫలితం తెలుసు. కానుగ ఆకు, జీలుగ, జనుము దమ్ములో త్రొక్కితే త్వరగా మురిగి పైరుకు బలమిస్తాయి. ఎండు గడ్డిని మురగనివ్వకుండా దున్ని వెంటనే నాటితే పైరు కొంతకాలం పసుపుపచ్చగా మారుతుంది. మొదటి దానిలో నత్రజని ఎక్కువ, రెండవ దానిలో తక్కువ. అడవి కూడా ఇదే నియమానికి లోబడి ఉంది.

కుమావూన్ చెప్పిన పాఠం

ఇప్పుడు నైనితాల్ కొండలకు తిరిగి వెళ్ళవచ్చు. కుమావూన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ప్రొఫెసర్ జె.ఎస్. సింగ్, ఆయన సహచరులు బాంజ్, చీడ్ అడవులలో నత్రజని రాకపోకలను పరిశీలించి, 1984లో 'నేచర్' అనే ప్రసిద్ధ విజ్ఞాన పత్రికలో తమ ఫలితాలను ప్రకటించారు. ఓక్ అడవి స్థానాన్ని చీడ్ ఆక్రమించినప్పుడు నేలలోని నత్రజని చక్రమే మారిపోతుందని వారు చూపారు.

చీడ్ చెట్టు మహా పొదుపరి. ఆకు రాలే ముందు నత్రజనిని బాగా వెనక్కు తీసుకుంటుంది. కనుక దాని క్రింద పడే పిరూల్‌లో కర్బనం మెండు, నత్రజని స్వల్పం. అటువంటి ఆకును కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తమలో బంధించి ఉంచుతాయి. చీడ్ కొద్దిపాటి నత్రజనితోనే బ్రతకగలదు. బాంజ్ బ్రతకలేదు. ఆ విధంగా చీడ్ తనకు అనుకూలమైన పేద నేలను తానే సృష్టించుకొని, ప్రత్యర్థి మొలకకు అవకాశం లేకుండా చేస్తుంది. మొదట మనిషి చేసిన గాయాన్ని తరువాత నేల స్వయంగా నిలుపుతూ వస్తుంది.

ఆ మొదటి గాయం ఎలా జరిగింది? బాంజ్ ఆకు పశువులకు మంచి మేత. దాని కట్టె మంచి వంటచెరకు. దాని ఎండుటాకును కొండ స్త్రీలు గంపలతో మోసుకువచ్చి పశువుల కొట్టంలో పరుస్తారు. పేడతో, మూత్రంతో కలిసిన ఆ ఆకు మెట్టపొలాలకు ఎరువు అవుతుంది. కొండ మీద వ్యవసాయం శతాబ్దాలుగా ఈ విధంగానే నడిచింది. సరిగా చూస్తే, ఇది అడవి నత్రజనిని పొలానికి తరలించే పద్ధతి. జనం కొద్దిగా, అడవి విస్తారంగా ఉన్నంతకాలం ఆ బాకీని అడవి మోయగలిగింది. అడవి కుంచించుకుపోయి, నరుకుడు పెరిగి, ఏటేటా అదే చెట్టు కొమ్మలను, అదే నేలలోని ఆకును తీసుకుపోతున్నప్పుడు బాంజ్ బలహీనపడింది. బ్రిటిష్ పాలనలో అటవీశాఖ కలప కోసం, బంక కోసం చీడ్‌కు ప్రాధాన్యమివ్వడం కూడా ఈ మార్పుకు తోడ్పడింది.

దీనిలో ఆ స్త్రీల తప్పును వెదకడం న్యాయం కాదు. ఇంటికి మేత, వంటచెరకు, నీరు తెచ్చే భారం వారిదే. బాంజ్ అడవి వెనక్కు తగ్గిన కొద్దీ ఎక్కువ దూరం నడవవలసి వచ్చినది కూడా వారే. అడవి నత్రజని ఖాతాలో లోటు పడితే, దానికి మొదట కాళ్ళతో వెల చెల్లించేది కొండ స్త్రీ.

నిప్పు ఏమి తీసుకుపోతుంది

పిరూల్‌కు మరొక గుణం ఉంది. అది త్వరగా కుళ్ళదు, త్వరగా అంటుకుంటుంది. వేసవిలో ఉత్తరాఖండ్ అడవులలో మంటలు చెలరేగడానికి అది ఒక ముఖ్య కారణం. 2016లోనూ 2024లోనూ అక్కడ పెద్ద ఎత్తున అడవులు తగులబడ్డాయి.

మంటలో ఆకు, పొద, ఎండుకొమ్మ కాలినప్పుడు కర్బనం కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. దానితో పాటు నత్రజని కూడా వాయురూపంలో ఎగిరిపోతుంది. బూడిదలో సున్నం, పొటాషియం మిగులుతాయి కాని, నత్రజని చాలా వరకు మిగలదు. ఇక్కడే ఈ ప్రసంగంలో గుర్తుంచుకోవలసిన ముఖ్యాంశం ఉంది. ఎగిరిపోయిన కర్బనం వచ్చే వానకాలంలోనే మళ్ళీ చిగురు ద్వారా అడవిలోకి రావడం మొదలవుతుంది, ఎందుకంటే ఆకు దానిని గాలి నుంచి తిన్నగా తీసుకోగలదు. ఎగిరిపోయిన నత్రజని అలా తిరిగి రాదు. వాన చినుకులతో, కొన్ని బాక్టీరియాల శ్రమతో హెక్టారుకు ఏడాదికి కొద్ది కిలోల చొప్పున మెల్లగా చేరవలసిందే. కర్బనం పోయినా తిరిగివచ్చే అతిథి. నత్రజని పోతే పూడ్చుకోవడానికి ఏళ్ళు పట్టే మూలధనం. ఏటా ఒకే చోట నిప్పు పెట్టితే అడవి పైకి బ్రతికే ఉన్నట్లు కనిపించినా దాని మూలధనం తరిగిపోతుంది, దానితో కర్బనాన్ని నిల్వ చేసే శక్తి కూడా తగ్గుతుంది.

వింధ్యాటవిలో వానకు ముందు

హిమాలయాల నుంచి దక్షిణంగా దిగి గంగను దాటితే వింధ్య పర్వతాల పొడి అడవులు వస్తాయి. అక్కడ తునికి, చండ్ర వంటి చెట్లు తెలుగువారికి సుపరిచితాలు. నల్లమలలోనూ ఇటువంటి ఆకురాల్చు అడవులే విస్తరించి ఉన్నాయి. ఏడాదిలో సగానికి పైగా ఎండిపోయి ఉండే ఈ నేలలో నత్రజని ఎలా నిలిచి ఉంటుందన్న ప్రశ్నను కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ జె.ఎస్. సింగ్, ఆయన సహచరులు పరిశీలించారు. వారి ఫలితం 1989లో 'నేచర్' పత్రికలోనే వెలువడింది.

వేసవిలో చెట్లు పెరగని సమయంలో నేలలోని సూక్ష్మజీవుల మొత్తం బరువు ఎక్కువగా ఉందనీ, అవి కర్బనంతో పాటు నత్రజనినీ భాస్వరాన్నీ తమ దేహాలలో దాచి ఉంచుతాయనీ వారు కనుగొన్నారు. వానలు పడగానే ఆ బరువు తగ్గుతుంది. సూక్ష్మజీవులలో చాలా భాగం చనిపోయి, వాటిలో ఉన్న నత్రజని నేలలోకి విడుదలవుతుంది. సరిగా అప్పుడే చెట్లు చిగురుస్తాయి, వేళ్ళు చురుకుగా పనిచేస్తాయి. ఎండకాలంలో కంటికి కనిపించని జీవులు గాదె వలె ధాన్యం దాచి, తొలకరికి గాదె తలుపు తెరుస్తాయన్న మాట. మృగశిర కార్తెలో తడిసిన నేల వాసనతో పాటు ఎన్నో నెలల పొదుపు బయటకు వస్తుంది.

ఆ గాదె నిండాలంటే నేల మీద ఆకు ఉండాలి. తునికాకు చిగురు బాగా రావాలనీ, ఇప్పపూలు ఏరడానికి నేల శుభ్రంగా ఉండాలనీ నిప్పు పెట్టే అలవాటు మధ్య భారతంలో పలుచోట్ల ఉంది. అవసరం బ్రతుకుతెరువుదే. కాని నేల మీద ఆకు అంతా కాలిపోతే సూక్ష్మజీవులకు ఆహారం లేదు, చిన్న మొక్కకు రక్షణ లేదు. చెట్టు క్రింద ఎండుటాకును ప్రక్కకు ఊడ్చి పూలు ఏరుకోవడం కష్టమైన పనే. అయినా, నిప్పు వల్ల కలిగే నష్టంతో పోలిస్తే ఆ కష్టానికి తగిన సహాయం చేయడం సమాజానికి చవక.

గాలి నుంచి నత్రజనిని దింపే చెట్లు

అడవికి పోయిన నత్రజనిని తిరిగి తెచ్చే ఉపాయాన్ని ప్రకృతి పూర్తిగా మరచిపోలేదు. చిక్కుడు కుటుంబానికి చెందిన అనేక మొక్కల వేళ్ళపై బుడిపెలు ఉంటాయి. వాటిలో నివసించే రైజోబియం జాతి బాక్టీరియాలు గాలిలోని నత్రజనిని అమోనియాగా మార్చి మొక్కకు ఇస్తాయి. బదులుగా మొక్క వాటికి చక్కెరలు ఇస్తుంది. ఇది కర్బనం ఇచ్చి నత్రజని కొనే వ్యాపారం. కానుగ, తుమ్మ, ఎర్రచందనం ఈ కుటుంబానికి చెందినవే.

హిమాలయాలలో ఉతీస్ అనే చెట్టు చిక్కుడు కుటుంబానికి చెందకపోయినా ఇదే పని చేస్తుంది. దాని వేరు బుడిపెలలో ఫ్రాంకియా అనే మరొక జాతి బాక్టీరియాలు ఉంటాయి. కొండచరియ విరిగిపడి రాళ్ళు మాత్రమే మిగిలిన చోట మొదట మొలిచే చెట్లలో ఉతీస్ ఒకటి. నాగాలాండ్‌లోని ఖొనోమా గ్రామంలో అంగామీ నాగా రైతులు తమ కొండపొలాలలో ఈ చెట్లను తరతరాలుగా పెంచుతున్నారు. చెట్టును వేళ్ళతో పెకలించరు. మొదలు ఉంచి పై కొమ్మలను నరికి, ఆ నేలలో పంట వేస్తారు. పంట విరామంలో చెట్టు మళ్ళీ చిగురించి నేలకు సత్తువ కూరుస్తుంది. సిక్కింలో రైతులు ఇదే చెట్టు నీడలో పెద్ద ఏలకులు పండిస్తారు. ప్రయోగశాల లేని రోజులలో, పంట ఫలితాన్ని మాత్రమే చూసి ఆ రైతులు ఈ చెట్టును ఎన్నుకున్నారు.

మధ్య అమెరికాలోని పనామాలో, పశువుల మేతకు నరికి తరువాత వదిలివేసిన భూములలో అడవి తిరిగి పెరుగుతున్న తీరును పరిశీలించిన శాస్త్రవేత్తలు 2013లో తమ ఫలితాలను ప్రకటించారు. నత్రజని స్థాపించే చెట్లు ఇతర చెట్ల కంటె, ముఖ్యంగా అడవి పసితనంలో, ఎన్నో రెట్లు వేగంగా కర్బనాన్ని కూడబెట్టాయి. మొదటి 12 సంవత్సరాలలో అక్కడ హెక్టారుకు సుమారు 50 టన్నుల కర్బనం చేరింది. ఆ పెరుగుదలకు కావలసిన నత్రజనిలో పెద్ద భాగం ఆ చెట్ల వేళ్ళ నుంచే వచ్చింది. పోగొట్టుకున్న మూలధనాన్ని తిరిగి సంపాదించే మార్గం ఉన్నదని ఈ పరిశీలన తెలియజేస్తుంది.

అతి సర్వత్ర వర్జయేత్

నత్రజని కొరత వల్ల అడవి కుంటుపడుతుందంటే, ఎరువుల సంచులు తెచ్చి అడవిలో చల్లితే సరిపోతుందని కొందరికి తోచవచ్చు. ఒక విధంగా మనిషి ఆ పనిని తెలియకుండానే చేస్తున్నాడు. 1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజని నుంచి అమోనియా తయారుచేసే పద్ధతిని ప్రదర్శించాడు. 1913లో కార్ల్ బాష్ నాయకత్వాన దాని భారీ ఉత్పత్తి మొదలైంది. ఆ ఎరువు కోట్లాది ప్రజలకు అన్నం పెట్టింది. అయితే పొలంలో వేసిన ఎరువు అంతా పైరుకు చేరదు. కొంత అమోనియాగా గాలిలో కలుస్తుంది. వాహనాలు, విద్యుత్కేంద్రాల పొగ నుంచి నత్రజని ఆక్సైడులు వస్తాయి. ఇవి వానతో, ధూళితో అడవుల మీద పడుతున్నాయి. గాలిలో అమోనియా అత్యధికంగా ఉన్న ప్రపంచ ప్రాంతాలలో గంగా మైదానం ఒకటని ఉపగ్రహ పరిశీలనలు చూపాయి.

దాని ఫలితం ఏమి కావచ్చునో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో హార్వర్డ్ అడవి వద్ద 1988లో ప్రారంభమైన ప్రయోగం వెల్లడించింది. ఒక పైన్ తోటలోనూ, ఆకురాల్చు అడవిలోనూ కొన్ని మడులకు ఏటా హెక్టారుకు 50 కిలోల చొప్పున, మరికొన్నిటికి 150 కిలోల చొప్పున నత్రజని వేశారు. ఆకురాల్చు అడవి కొంతకాలం ఏపుగా పెరిగింది. పైన్ తోటలో ఎక్కువ నత్రజని పడిన చోట పెరుగుదల క్షీణించి, కాలక్రమేణా చాలా చెట్లు చనిపోయాయి. నేలలో మరొక మార్పు కనిపించింది. చెక్కలోని లిగ్నిన్ వంటి గట్టి పదార్థాలను ఛేదించే శిలీంధ్రాలు తగ్గి, ఆకులు కుళ్ళే వేగం మందగించి, నేల మీద కర్బనం పేరుకున్నది.

కర్బనం పేరుకోవడం మంచిదే కదా అనిపించవచ్చు. కాని చెట్టు చనిపోయి చెత్త మిగిలిన నేలను ఆరోగ్యవంతమైన అడవి అనలేము. మోతాదు మించిన నత్రజని నైట్రేటుగా మారి నీటితో కొట్టుకుపోతుంది. పోతూపోతూ కాల్షియం, మెగ్నీషియం వంటి పోషకాలను కూడా తీసుకుపోతుంది. కొంత భాగం నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువుగా పైకి లేస్తుంది. నూరేళ్ళ కాలవ్యవధిలో ఆ వాయువు భూమిని వేడెక్కించే శక్తి, బరువుకు బరువు, కార్బన్ డయాక్సైడ్ కంటె 273 రెట్లు. కనుక అడవిలో నత్రజని తక్కువైనా నష్టమే, ఎక్కువైనా నష్టమే. వైద్యుని మోతాదు వలె అది తగుపాటిగా, తగిన సమయాన అందాలి. ఆ పనిని ఆకు, వేరు, సూక్ష్మజీవి కలిసి చేసినంత చక్కగా ఎరువు సంచి చేయలేదు.

2019 అక్టోబరులో శ్రీలంకలోని కొలంబోలో సమావేశమైన దేశాలు, 2030 నాటికి నత్రజని వృథాను సగానికి తగ్గించాలన్న ఆశయాన్ని ప్రకటించాయి. దక్షిణాసియాలో గాలికి సరిహద్దులు లేవు. ఒక దేశపు పొలంలో వృథా అయిన ఎరువు పొరుగుదేశపు కొండ అడవి మీద పడవచ్చు.

మొక్కల సంఖ్య చాలదు

భారతదేశం 2015లో ప్రపంచం ఎదుట ఒక మాట ఇచ్చింది. 2030 నాటికి అదనపు అడవుల ద్వారా, చెట్ల ద్వారా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన నిల్వను ఏర్పరుస్తామన్నది ఆ మాట. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2021 నివేదిక ప్రకారం దేశపు అడవులలో 7,204 మిలియన్ టన్నుల కర్బనం ఉంది. అందులో సగానికి పైగా ఉన్నది చెట్ల మానులలో కాదు, నేలలో.

ఈ ఒక్క విషయం గమనిస్తే వనమహోత్సవంలో నాటిన మొక్కల సంఖ్య మాత్రమే ప్రకటించడం ఎందుకు చాలదో బోధపడుతుంది. వేగంగా పెరిగే ఒకే జాతి మొక్కను వేల హెక్టార్లలో నాటి, కొన్నేళ్ళకు నరికి, ఆకులను ఊడ్చి, మళ్ళీ అదే నాటితే, పైన కర్బనం లెక్కలో పెరిగినట్లు కనిపిస్తుంది. క్రింద నత్రజని ఖాతా ఖాళీ అవుతూ ఉంటుంది. రెండవ తరం మొక్క మొదటి తరమంత పెరగకపోతే, ఇచ్చిన మాట కాగితం మీద మాత్రమే మిగులుతుంది.

చేయవలసిన పనులు సామాన్యమైనవే. నత్రజనిని స్థాపించే స్థానిక వృక్షాలను ఇతర చెట్లతో కలిపి నాటాలి. రాలిన ఆకులో కొంత భాగం అడవికే వదలాలి. వేసవిలో నిప్పును అరికట్టాలి. కుమావూన్‌లో 1931 నాటి నియమాలతో రూపొందిన వన పంచాయతీలు నేటికీ ఉన్నాయి. ఏ నెలలో ఏ భాగాన కొమ్మలు నరకవచ్చో, ఎవరు ఎన్ని మోపులు తేవచ్చో గ్రామస్థులే కూర్చొని నిర్ణయించుకునే సంప్రదాయం వాటిలో పలుచోట్ల ఉంది. అటువంటి కట్టుబాటు నిజానికి నత్రజనికి పెట్టిన కట్టుబాటు. అయితే కట్టుబాటు మాత్రమే చెప్పి ఊరుకోరాదు. వంటకు ప్రత్యామ్నాయ ఇంధనం, పశువులకు ఇంటి దగ్గర మేత సమకూర్చితేనే కొండ స్త్రీ గంపలోని ఆకును అడవికి వదిలివేయగలదు.

కుమావూన్ రైతు పేడ ఎరువు, ఖొనోమా రైతు కొండపొలం, వింధ్యాటవిలో తునికాకు ఏరే కూలీ, కృష్ణా గోదావరి తీరాలలో జీలుగ త్రొక్కే రైతు వేర్వేరు భాషలు మాట్లాడతారు. వీరందరి బ్రతుకూ నేల ఎంత నత్రజనిని నిలుపుకొన్నదన్న దాని మీదనే ఆధారపడి ఉంది. విద్యార్థులు ఈసారి అడవికి వెళ్ళినప్పుడు పైకి చూసి చెట్టు ఎత్తును కొలవడంతో ఆగిపోక, ఒక్క నిమిషం వంగి, గుప్పెడు ఎండుటాకును తొలగించి, క్రింద ఉన్న నల్లని మట్టిని చేతిలోకి తీసుకొని చూడాలి. అది తేమగా, మెత్తగా, అడవి వాసనతో ఉంటే ఆ అడవి తన మూలధనాన్ని కాపాడుకుంటున్నదని అర్థం. ఆ మట్టిని మళ్ళీ అదే చోట ఉంచి, తొలగించిన ఆకును మళ్ళీ దానిపై కప్పి రావాలి.